ఒకటిన్నర పేజీ వాంగ్మూలం

మా శిక్షణ కేంద్రంలో వారానికి ఆరు రోజులు సోమవారానికి భయపడటంలో గడిచిపోయేవి. ఏడో రోజు సోమవారం.

అది ఎనభైల మొదట్లో మాట. సాయుధ పోలీసు రిక్రూట్లుగా మేం తొమ్మిది నెలలు ఉన్నది గోదావరి పాయకు ఇవతల, ఒక టౌను చివర, పాత ధాన్యం గోడౌన్లను బ్యారక్‌లుగా మార్చిన చోట. పేరుకు పోలీసు శిక్షణే కానీ మాకు నేర్పినవాళ్ళందరూ సైన్యంలో పదిహేనేళ్ళు చేసి వచ్చినవాళ్ళు. అందుకని మా ఊళ్ళల్లో దాన్ని మిలిటరీ ట్రైనింగ్ అనే అనేవారు. మేమూ అలాగే అనుకునేవాళ్ళం.

సోమవారం ఉదయం ఆరున్నరకు తనిఖీ. ముప్ఫై మంచాలు, ప్రతి మంచం మీద దుప్పటి మడత అంచు నాలుగు వేళ్ళ వెడల్పు. ట్రంకు పెట్టె మీద మగ్గు, సబ్బుపెట్టె, దువ్వెన, బూటు బ్రష్షు అదే వరుసలో ఉండాలి. ఇన్‌స్పెక్టర్ గారు కిటికీ ఊచల వెనక్కి చెయ్యి పోనిచ్చి వేలు చూసుకునేవారు. వేలికి ఏమన్నా అంటితే ఆ కిటికీ కింద మంచం ఎవరిదైతే వాడి పని అయిపోయినట్టే. అన్నిటికంటే కష్టం బూట్లు. వానాకాలంలో మా మైదానంలో పది అడుగులు వేస్తే నల్లమట్టి అరచెయ్యి మందాన పట్టేస్తుంది. మట్టి లేని బూట్లతో మైదానం మధ్యకు వెళ్ళి నిలబడాలి. ఎలా అని అడగకూడదు. మేం బూట్లు లేసులతో మెడలో వేసుకుని, ఉత్తకాళ్ళతో బురద దాటి, సిమెంటు గట్టు మీద బనీనుతో కాళ్ళు తుడుచుకుని, అక్కడ తొడుక్కునేవాళ్ళం. తర్వాత ఆ బనీనే ఒంటిమీద ఉండేది.

చిన్న తప్పులకు తుపాకీ తలమీద ఎత్తి పట్టుకుని మైదానం చుట్టూ పరుగు, లేదా మండుటెండలో గడ్డి పీకడం. పెద్ద తప్పులకు డిఫాల్టర్ రిజిస్టర్లో పేరు ఎక్కేది. మూడుసార్లు ఎక్కితే పెట్టె సర్దుకుని ఇంటికి పోవడమే. ఐదో నెల వచ్చేసరికి మా బ్యారక్ నుంచి ఇద్దరు పోయారు. ఒకడు రిజిస్టర్ వల్ల పోయాడు. రెండోవాడు ఒకరోజు పరుగులో పడిపోయి, లేచి, ఒళ్ళు దులుపుకుని, తిన్నగా గేటు దాటి నడిచి వెళ్ళిపోయాడు. వెనక్కి పిలిస్తే కూడా తిరిగి చూడలేదు. వాణ్ణి చూసి మేం ఎంత కుళ్ళుకున్నామో చెప్పలేను.

నాకు పదిహేనేళ్ళప్పటి నుంచి డైరీ రాసే అలవాటు. అక్కడ కూడా మానలేదు. ఆ నెలల పేజీలు ఇప్పుడు తిరగేస్తే, వాన పడిందా లేదా, ఏం పెట్టారు, ఎన్ని రౌండ్లు పరిగెత్తించారు అన్నీ ఉంటాయి. కింద చాలా రోజుల్లో ఒకే మాట: ఇంకా ఉన్నాను.

మాది పెనుగొండ. నాన్నకు ఇత్తడి సామాన్ల కొట్టు. స్టీలు వచ్చి ఇళ్ళల్లోంచి ఇత్తడిని అటకెక్కిస్తున్న రోజులవి. కొట్టు ఇద్దరన్నదమ్ములకు చాలదని తెలిసి నేను సెలక్షన్‌కు వెళ్ళాను. మా ఇళ్ళల్లో అంతకుముందు ఎవరూ వెళ్ళలేదు. ఉత్తర్వు వచ్చిన రోజు నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తక్కెడ పట్టే చేతికి తుపాకీ ఏంట్రా? నెల్లాళ్ళు కూడా ఉండలేవు, చూస్తూ ఉండు," అన్నారు. ఆయన మాట నెగ్గకూడదని మొదటి నెల ఉన్నాను. మిగతా నెలలు ఎందుకు ఉన్నానో నాకే తెలియదు.

పరుగులో నేను ఎప్పుడూ చివరి ఐదుగురిలో ఉండేవాణ్ణి. తాడు ఎక్కలేకపోయేవాణ్ణి. ఒక్క విషయంలో మాత్రం నన్ను మించినవాడు లేడు. బెల్టు బకిల్, బొత్తాలు, భుజం మీద అక్షరాలు ఇత్తడివి. మిగతావాళ్ళు బజార్లో దొరికే పాలిష్ డబ్బా కొనుక్కునేవారు. నేను కొట్లో నేర్చుకున్న పద్ధతే వాడాను. పాత చింతపండు నానబెట్టి, ఊక బూడిద కలిపి, కొబ్బరిపీచుతో తోమి, కడిగి, ఎండలో ఆరబెట్టి, పొడిగుడ్డతో గట్టిగా రుద్దడం. మొదటిసారి నా బెల్టు చూసి మా హవల్దార్ గారు ఆగిపోయారు. ఆయన తాడేపల్లిగూడెం అవతలి మనిషి. నవ్వగా మేం ఎప్పుడూ చూడలేదు.

"ఎవడిదిరా ఇది? బిందెల కొట్టోడిదా?"

"అవునండి సర్."

"గడ్డం గీసుకోడానికి అద్దం అక్కర్లేదు. దీంట్లో చూసి గీసుకోవచ్చు. పరిగెత్తమంటే మాత్రం కాళ్ళు అరువు తెచ్చుకున్నట్టు పరిగెడతావేం?"

అప్పటి నుంచి ఆదివారం మధ్యాహ్నం నా మంచం ముందు బెల్టులు వరుస కట్టేవి. మెస్సులో వంటాయన అడగ్గానే ఇంత చింతపండు చేతిలో పెట్టేవాడు, "అన్నంలోకేనాండీ, ఆయుధాల్లోకా?" అంటూ.

నా పక్క మంచం ఒక స్నేహితుడిది. భీమవరం అవతల ఊరు. వాళ్ళ నాన్న కౌలు రైతు. పొలం యజమాని ఆ ఏడాదే భూమంతా తవ్వించి చేపల చెరువులు వేయించాడు. కౌలు పోయింది. అతను అంతకుముందు మూడుసార్లు సెలక్షన్‌కు వెళ్ళి తప్పాడు. నాలుగోసారి నెగ్గేసరికి వయోపరిమితికి నాలుగు నెలలే మిగిలి ఉంది. అంటే ఈ ఉద్యోగం పోతే మళ్ళీ దరఖాస్తు పెట్టే దారి కూడా లేదు. బలంలోనూ పరుగులోనూ మాలో అతనే మొదటివాడు. ఎన్నోసార్లు చివరి రౌండులో నా వెనక పరిగెత్తుతూ వీపు మీద చెయ్యి వేసి నెట్టేవాడు, హవల్దార్ గారు చూడకుండా. "నడవండి సెట్టిగారూ, కొట్టు కట్టేసే టైమైంది, నడవండి," అనేవాడు.

కానీ అతనికి పొందిక లేదు. మడత పెట్టిన దుప్పటి మీదే కూర్చుంటాడు. ఒక సోమవారం చొక్కాకు బొత్తాం లేక రిజిస్టర్లో ఎక్కాడు. ఇంకొకసారి వరుసలో సావధాన్‌లో నిలబడి ఉండగా ఎక్కడి నుంచో ఒక గేదె వచ్చి, తీరిగ్గా నడిచి, ఇన్‌స్పెక్టర్ గారి ముందు ఆగి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. అతనికి నవ్వు ఆగలేదు. అలా రెండోది.

ఆ సాయంత్రం పంపు దగ్గర అడిగాను. "ఇంకోటి పడితే ఏంటిరా నీ సంగతి?"

"ఏముంది, మా నాన్న దున్నిన పొలంలో చేపలున్నాయి గదా. వాటికి తవుడెయ్యడానికి కూలోడు కావాలంట." గొంతు తగ్గించి అన్నాడు, "పడకూడదురా. ఇంక పడకూడదు. ఏం చెయ్యాలో నువ్వు చెప్పు, అదే చేస్తా."

అప్పటి నుంచి అతని తనిఖీ నా పూచీ అనుకున్నాను. ఆదివారం నా పెట్టె సర్దుకున్నాక అతని పెట్టె సర్దేవాణ్ణి. అతని బొత్తాలు నేనే లాగి చూసేవాణ్ణి. జాబితా రాసుకుని ఒక్కొక్కటే టిక్కు పెట్టుకునేవాణ్ణి. ఏడు సోమవారాలు గండం లేకుండా గడిచాయి.

తుపాకుల సంగతి చెప్పాలి. తుపాకులు దాచే గదిని కోత్ అనేవారు. ఒక్కొక్కరికి ఒక్కో రైఫిల్, దానికి ఒక నంబరు. సంతకం పెట్టి తీసుకోవాలి, సంతకం పెట్టి అప్పగించాలి. సంతకం పెట్టిన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి దాని మీద పడకూడదని మొదటిరోజే చెప్పారు. కానీ ఆదివారం శుభ్రం చేసుకునే పూట ఈ నియమం ఎవరూ పాటించేవారు కాదు. ఒకడు నాలుగు తుపాకుల గొట్టాలు తుడిస్తే, ఇంకొకడు నాలుగు జతల బూట్లకు పాలిష్ చేసేవాడు. హవల్దార్లు చూసీ చూడనట్టు పోయేవారు.

భాద్రపదంలో ఒక ఆదివారం కబురు వచ్చింది. మర్నాటి తనిఖీకి పైనుంచి పెద్ద అధికారి వస్తున్నారు. తెల్లారి నుంచీ అందరినీ పనుల్లో పెట్టారు. నా స్నేహితుణ్ణి దారి పక్క రాళ్ళకు సున్నం వెయ్యమన్నారు. మధ్యాహ్నం రెండింటికి అతను కోత్‌లో తన రైఫిల్‌కు సంతకం పెట్టి తీసుకుని, మోచేతుల దాకా సున్నంతో వచ్చి, నా మంచం మీద పెట్టాడు.

"నాదీ ఓ చూపు చూడరా. నాకు ఇంకా అరవై రాళ్ళున్నాయి."

నా రైఫిల్ అప్పటికే అయిపోయింది. అతనిది విప్పి చూస్తే, తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే బోల్టు మీద, చేత్తో పట్టుకునే చోట, పెసరగింజంత తుప్పు. గుడ్డతో రుద్దాను, పోలేదు. ఇసుక కాగితం వాడితే గీతలు పడతాయి, అది మాకు గట్టిగా చెప్పారు. ఆ వారం నూనె సీసా కూడా అడుగంటింది. మనిషికి నాలుగు చుక్కలే ఇచ్చారు. పెద్ద అధికారి కంట పడితే మూడోది పడుతుంది.

అప్పుడు నా బుర్రకు తట్టినది ఒక్కటే. ఇంట్లో అట్లకాడ తుప్పు పడితే అమ్మ చింతపండే రాసేది. బెల్టుల కోసం కలిపిన ముద్ద పక్కనే ఉంది. రాశాను. రెండు నిమిషాల్లో తుప్పు ఊడిపోయింది. ఊడిన చోట ఇనుము తెల్లగా మెరిసింది, చుట్టూ ఉన్నది నల్లగా ఉండిపోయింది. మచ్చలా కనపడుతోంది కదా అని బోల్టంతా రాశాను. మా కొట్లో సామాను తోమాక బిందెలు బిందెలు నీళ్ళు పోసి కడుగుతాం. తుపాకీ మీద నీళ్ళు పొయ్యకూడదని తెలుసు. అందుకని తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, నాలుగు చుక్కల నూనె పూసి బిగించాను.

ఐదింటికి అప్పగించేముందు అతను చూశాడు. "ఏంట్రా ఇది, పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టుంది!" అన్నాడు. నేను గర్వపడ్డాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు కానీ, గర్వపడిన మాట నిజం.

ఆ సాయంత్రం మొదలైన వాన తెల్లారినా తగ్గలేదు. కోత్‌కు కిటికీలు లేవు, ఒక గోడ చెమ్మ. పొద్దున వరుసలో నిలబడి తుపాకులు తీసుకున్నాం, బురద దాటాం, గట్టు మీద బూట్లు తొడుక్కున్నాం. తుపాకీ విప్పి చూసుకునే వ్యవధి ఎవరికీ లేదు. పెద్ద అధికారి గొడుగు కింద నడుచుకుంటూ వచ్చారు. నా రైఫిల్ చూసి దాటిపోయారు. నా పక్కన అతను. చెయ్యి చాపి అతని రైఫిల్ తీసుకుని బోల్టు లాగారు.

అది సగం వచ్చి ఆగిపోయింది. లోపల ఇసుక నమిలినట్టు చప్పుడైంది.

ఆయన బలంగా లాగి బయటికి తీశారు. ముందురోజు వెండిలా ఉన్న బోల్టు, ఈ చివర నుంచి ఆ చివరకు పసుపూ ఎరుపూ కలిసిన తుప్పు. ఆయన చేతి తొడుగు మీద ఆ రంగు అంటింది.

"ఎవరిదీ రైఫిల్?"

"నాదే సర్."

"ఎవరు చేశారిలా?"

"నేనే సర్."

ముందుకు చూస్తూనే చెప్పాడు. నా వైపు కన్ను కూడా తిప్పలేదు. వరుసలో అడగనిదే నోరు విప్పకూడదని నియమం. ఆ నిమిషంలో ఆ నియమం వెనక దాక్కున్నాను. బూటు మడమలు గట్టిగా ఆనించి నిలబడ్డాను. పెద్ద అధికారి ఇన్‌స్పెక్టర్ గారితో, "రేపటికి విచారించి రిపోర్టు పంపండి," అని ముందుకు వెళ్ళిపోయారు.

పెరేడ్ అయ్యాక హవల్దార్ గారు ఆ బోల్టు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత నన్ను పిలిచారు.

"ఈ వాసన నాకు తెల్సు. మా ఇంట్లో రోజూ చారులో వస్తది." నా మొహంలోకి చూశారు. "నోరు మూసుకో. రేపు సాయంత్రం దాకా నీ నోట్లోంచి మాట వచ్చిందా, చంపేస్తా. పో, పోయి గడ్డి పీకు."

ఆయన మాట ఎప్పుడూ అలాగే ఉండేది. అందులో ఇంకో అర్థం ఉందని నాకు తట్టలేదు.

మధ్యాహ్నం మెస్సులో నా స్నేహితుడు ఎదురుగా కూర్చుని అన్నం కలుపుతున్నాడు కానీ తినడం లేదు.

"నేను చేశానని చెప్పేస్తానురా. నీ మీద ఉండదు," అన్నాను.

"చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు? తప్పు నాది."

"చెప్పకన్నానా? హవల్దార్ గారు ఏదో చూస్తానన్నారు. నన్ను కూడా మాట్లాడొద్దన్నారు. ఊరుకో సెట్టీ, నీకు దణ్ణం పెడతా."

ఊరుకుని ఉంటే బాగుండేది. ఇది నేను నలభై ఏళ్ళుగా నాతో నేను చెప్పుకుంటున్న మాట. కానీ అప్పుడు నాకు అది వేరేగా అర్థమైంది. నన్ను కాపాడటానికి అతను తన ఉద్యోగం వదులుకుంటున్నాడు అనుకున్నాను. హవల్దార్ గారు చూస్తానన్నారంటే నమ్మబుద్ధి కాలేదు. ఐదు నెలల్లో ఆయన ఎవరికీ ఏదీ చూసింది లేదు. ఆ పూటంతా గడ్డి పీకుతూ, అతను పెట్టె నెత్తిన పెట్టుకుని చేపల చెరువు గట్టు మీద నడిచి వెళ్తున్నట్టే కనపడింది. పెద్ద ఉపద్రవం వస్తోంది, ఆపగలిగింది నేనొక్కడినే, అని నిశ్చయించుకున్నాను.

సాయంత్రం నా డైరీ లోంచి రెండు కాగితాలు చింపి వాంగ్మూలం రాశాను. రాయడం వచ్చినవాణ్ణి కదా, చక్కగా రాశాను. రైఫిల్ నంబరు, అది నా మంచం మీదకు వచ్చిన సమయం, తుప్పు ఉన్న చోటు, చింతపండు ఎంత, బూడిద ఎంత, ఎంతసేపు ఉంచాను, ఏ గుడ్డతో తుడిచాను, ఎన్నింటికి తిరిగి ఇచ్చాను. ఒకటిన్నర పేజీ వచ్చింది. కింద సంతకం పెట్టి తేదీ వేశాను. తప్పంతా నాదే, అతనికి ఏ సంబంధమూ లేదు అన్నది చివరి వాక్యం. చదువుకుంటే మనసు తేలికపడింది కూడా.

మంగళవారం పదింటికి ఆర్డర్లీ రూం, అంటే తప్పుల విచారణ. ఇన్‌స్పెక్టర్ గారు బల్ల వెనక కూర్చున్నారు. పక్కన హవల్దార్ గారు. ఎదురుగా టోపీ, బెల్టు తీసేసి నా స్నేహితుడు. బల్ల మీద హవల్దార్ గారి రిపోర్టు. ఇన్‌స్పెక్టర్ గారు దాన్ని చదివి, కలం మూత తీసి, సంతకం పెట్టబోతున్నారు. అప్పుడు నేను గుమ్మంలో సెల్యూట్ కొట్టి, లోపలికి రావడానికి అనుమతి అడిగాను.

హవల్దార్ గారి మొహం రంగు మారడం చూశాను. కోపమనుకున్నాను.

ఇన్‌స్పెక్టర్ గారు నా కాగితాలు మొదటి నుంచి పైకే చదవసాగారు. మధ్యలో ఆగి, "చింతపండు ఎంత అన్నావ్?" అన్నారు.

"నిమ్మకాయంతండి సర్."

గుమ్మం దగ్గర ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఇన్‌స్పెక్టర్ గారు నవ్వలేదు. రెండో కాగితం చివరి దాకా చదివి, నా స్నేహితుడి వైపు తిరిగారు.

"నీ ఆయుధం ఇతని చేతికి ఇచ్చావా?"

అతను హవల్దార్ గారి వైపు చూశాడు. ఆయన కిటికీ లోంచి బయటికి చూస్తున్నారు. తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉందేమోనని ఎన్నో ఏళ్ళు వెతికాను. లేదు. అలసట ఉంది, చివరి రౌండు పరుగు అయ్యాక ఉండేలాంటిది.

"ఇచ్చాను సర్."

"నిన్న పెద్ద సారుతో నేనే చేశానన్నావ్?"

"అన్నాను సర్."

ఇన్‌స్పెక్టర్ గారు హవల్దార్ గారి రిపోర్టు నా ముందుకు తోశారు. "చదువు."

చదివాను. కోత్ పడమటి గోడ వానకు నానుతోందని, ఆ గోడ వైపు ఉన్న రైఫిళ్ళలో ఆరింటికి కొద్దో గొప్పో తుప్పు పట్టిందని, ఈ రైఫిల్ కూడా అక్కడిదేనని, గోడ మరమ్మతు చేయించాలని, రిక్రూట్‌ను గట్టిగా మందలించి వదిలేయవచ్చునని రాసి ఉంది.

"వానకి తుప్పు పడితే గోడ తప్పు," అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. కేకలు వెయ్యలేదు. "గోడని వదిలేద్దామనుకున్నా. ఆయుధం ఇంకొకడి చేతిలో పెడితే అది మనిషి తప్పు. పెట్టి, అధికారికి అబద్ధం చెప్తే రెండో తప్పు. నువ్వు రాసిచ్చాక నేను చూడలేదు అనడానికి వీల్లేదు. నంబరు వేసి మరీ రాశావు."

"సర్, ఆ కాగితం నాకు ఇచ్చెయ్యండి సర్. చింపేస్తాను."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. ఇన్‌స్పెక్టర్ గారు సంతకం పెట్టాల్సిన రిపోర్టు పక్కన పెట్టి, రిజిస్టర్ తెరిచారు.

అతనికి మూడోది. నాకు మొదటిది, పద్నాలుగు రోజులు వీపున బరువు కట్టుకుని పరుగు. హవల్దార్ గారికి మెమో.

బయటికి వచ్చాక హవల్దార్ గారు నా మీద చెయ్యి చేసుకుంటారనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన వరండాలో ఆగి బూటుకి అంటిన మట్టి మెట్టుకు గీకుతూ, "నిజం చెప్పావు. మంచిదే. ఎవరూ అడక్కుండా చెప్పావు చూడు, అదిరా," అన్నారు. ఆ తర్వాత నాలుగు నెలలూ నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. బిందెల కొట్టోడా అని కూడా పిలవలేదు.

బుధవారం పొద్దున అతను సామాను అప్పగించాడు. స్టోర్‌లో వరుసగా పెట్టి లెక్క చూపించాలి. దుప్పటి మడత నేను పెడతానంటే వద్దన్నాడు. తనే పెట్టుకున్నాడు. నాలుగు వేళ్ళ వెడల్పు, కొలిచినట్టు. స్టోర్ గుమాస్తా, "ఇంత నీటుగా అప్పగించినోడు ఇంతవరకూ లేడండి," అన్నాడు, ఏమీ తెలియక.

గేటు దాకా పెట్టె రెండో కొస నేను పట్టుకున్నాను.

"నువ్వు రాసింది బాగుందిరా," అన్నాడు అతనే. "ఇన్‌స్పెక్టర్ గారు చదువుతుంటే విన్నా. ఒక్క ముక్క అబద్ధం లేదు."

"నేను నీకోసమే..."

"తెల్సురా. పరుగులో చివర్లో ఊపిరి నోటితో తీస్తన్నావు నువ్వు. ముక్కుతో తియ్యి. నెట్టడానికి ఎవరూ ఉండరు ఇంక."

బస్సు వచ్చింది. ఎక్కాడు.

ఆ సాయంత్రం మంచాల మధ్య ఖాళీ కనపడకూడదని హవల్దార్ గారు మంచాలన్నీ జరిపించారు. ఒక తాడు తెచ్చి, మంచానికీ మంచానికీ దూరం సమంగా వచ్చేలా కొలిచి జరిపాం. తాడు ఒక కొస పట్టుకుంది నేనే. పని అయ్యాక చూస్తే అక్కడ ఇంకో మనిషి ఉండేవాడని ఎవరికీ తెలియదు. ఆ రోజు డైరీలో ఏమీ రాయలేదు. చింపిన రెండు కాగితాల మొదళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

నేను శిక్షణ పూర్తి చేశాను. చివరి పరుగులో చివరి నుంచి మూడోవాణ్ణి. ఉద్యోగంలో చేరాక, చేతిరాత బాగుందని నన్ను ఆఫీసులో వేశారు. ముప్ఫై ఏళ్ళు రిపోర్టులు, వాంగ్మూలాలు రాశాను. వివరంగా రాస్తాడని పేరు వచ్చింది. ఎవరు ఆ మాట అన్నా తల దించుకునేవాణ్ణి, వినయం అనుకునేవారు.

చేరిన ఏడాదికి మొదటి సెలవులో అతన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. ఊళ్ళో అడిగితే భీమవరంలో ఐసు ఫ్యాక్టరీలో చేస్తున్నాడన్నారు. చేపల లారీలకు ఐసు దిమ్మలు ఎక్కించే చోట కనపడ్డాడు. గోనెసంచి భుజం మీద వేసుకుని, దాని మీద దిమ్మ మోస్తున్నాడు. నేను యూనిఫాంలో లేను. అయినా నన్ను చూడగానే దిమ్మ దించి, చేతులు లుంగీకి తుడుచుకుని, నిలబడ్డాడు.

"రండి, రండి. ఎప్పుడొచ్చారండి? కూర్చోండి, ఇక్కడ తడి, ఇటు రండి."

"ఏంట్రా, నన్ను అండీ అంటావేంటి?"

"ఆయ్, బాగోదండి. నలుగురూ ఉన్నారు." ఒక ఖాళీ డబ్బా బోర్లించి దాని మీద సంచి వేశాడు. టీ తెప్పించాడు. వాళ్ళ నాన్న బాగానే ఉన్నారన్నాడు, చెరువు దగ్గర కాపలాకు పెట్టుకున్నారన్నాడు. మా నాన్న ఎలా ఉన్నారని అడిగాడు, కొట్టు నడుస్తోందా అని అడిగాడు, నన్ను ఎక్కడ వేశారని అడిగితే ఆఫీసులో అని చెప్పాను. నేను క్షమాపణ చెప్పాలని వచ్చాను. టీ చల్లారిపోతోంది కానీ ఆ మాట పెదవి దాటడం లేదు. ఐసు మీంచి పొగ వచ్చి మా ఇద్దరి మధ్య నేల మీద పాకుతోంది. అతని చేతివేళ్ళు తెల్లగా పగిలి ఉన్నాయి.

లారీ వెనక్కి వస్తూ హారన్ కొట్టింది. లేచాడు. సంచి భుజాన వేసుకుని రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"అడగొచ్చో లేదో గానండి. మీరు ఆఫీసులో ఉన్నారు గదా. వయసు దాటినోళ్ళకి ఏమన్నా సడలింపు ఉంటదేమో, ఒకసారి కనుక్కుంటారా? నాకింకా పరిగెత్తే ఓపికుందండి."

సడలింపు లేదు. నా ఉద్యోగంలో మొదటి వారమే ఆ నియమావళి వెతికాను, ఒక్కొక్క లైను చదివాను. రిజిస్టర్లో మూడు ఎంట్రీలతో పంపించినవాళ్ళను తిరిగి తీసుకోకూడదని స్పష్టంగా ఉంది. పేజీ నంబరుతో సహా నాకు తెలుసు.

"కనుక్కుంటాను," అన్నాను.

అతని మొహం విప్పారింది. "ఉంటానండి," అని దిమ్మ దగ్గరకు పరిగెత్తాడు.